బందరు లేని రాజ్యం

ఈ మధ్య సముద్రం లేని దేశాల చరిత్ర చదువుతుంటే, ఆ లోటు తరచుగా ప్రకృతి పెట్టినది కాదనీ, మనుషులు సంతకాలతో తెచ్చుకున్నదనీ అనిపించింది. 1879లో చిలీతో మొదలైన యుద్ధంలో తీరాన్ని పోగొట్టుకున్న బొలీవియా నేటికీ నౌకాదళాన్ని వదులుకోలేదు.

మన కథ ఇంత ప్రసిద్ధం కాదు. గోలకొండ కుతుబ్‌షాహీలకు మచిలీపట్నం రేవు ఉండేది. అక్కడి అద్దకపు బట్టలు పర్షియా తీరంలోని బందర్ అబ్బాస్‌కు ఓడలపై చేరేవి. 1766 సంధితో నిజాం ఉత్తర సర్కారులను ఈస్టిండియా కంపెనీకి వదిలాడు. 1788లో గుంటూరూ చేజారింది. రాజ్యానికి తీరం పోయింది. ఊరికి ‘బందరు’ అన్న పారశీక నామం మాత్రం మిగిలింది. 1956లో తెలంగాణకు మళ్ళీ సముద్రం దక్కింది, 2014లో దూరమైంది.

రువైస్‌లో నా దగ్గరికి వచ్చే నిజామాబాదు, జగిత్యాల కార్మికుల్లో సముద్రాన్ని తొలిసారి ఇక్కడే చూసినవారున్నారు. రేవు లేని నేల సరుకుకు బదులు మనుషులనే పంపింది. వారిలో ఒకాయన, “గీ నీళ్ళు దాటితే ఇల్లే గద, డాక్టర్ సారూ” అన్నాడు. ఎదురుగా ఉన్నది ఇరాన్ అని చెప్పబుద్ధి కాలేదు.