బొటనవేలి లెక్క

విజయవాడ ఆటోనగర్‌లో విడిభాగాల కొట్టు నడిపే మా బావ పట్టుబట్టి రమ్మంటే వెళ్లాను. "కారుకి మూడు నెలల్లో రెండు బెల్టులు మార్పించావు. కూత ఆగిందా? మా మేస్త్రికి ఒకసారి చూపించు" అన్నాడు. ఆటోనగరంతా తిప్పి చూపిస్తానన్నాడు గానీ, ఆ మేస్త్రి రేకుల షెడ్డు దాటి నేను కదల్లేదు.

మేస్త్రి అప్పుడు ఓ పాత అంబాసిడర్ ముందు వంగి ఉన్నాడు. దానికున్నది ఒకటే ఫ్యాన్ బెల్టు. ఫ్యాను, వాటర్ పంపు, డైనమో అన్నీ దాని మీదే తిరగాలి. డైనమో బోల్టులు వదులు చేసి, దాన్ని ఇవతలికి లాగి పట్టి బిగించాడు. పుల్లీల నడుమ బెల్టును బొటనవేలితో నొక్కాడు. సరిగా దిగలేదు. పిసరంత వదిలి మళ్లీ నొక్కాడు.

"ఎంత దిగాలి మేస్త్రిగారూ?"

"అరంగుళం సార్. వదులైతే అరుస్తుంది, బ్యాటరీకి చార్జి ఎక్కదు, ఇంజను వేడెక్కుద్ది. మరీ బిగిస్తే బేరింగులు పోతాయి."

నా కారు బెల్టు వేరు. వెడల్పుగా, గాళ్లతో, పొడుగ్గా ఉంటుంది. ఆల్టర్నేటర్, ఏసీ కంప్రెసర్, వాటర్ పంపుల మీదుగా చుట్టి వస్తుంది. బిగువు చూసుకోవడానికి స్ప్రింగు టెన్షనర్ ఉంది. మేస్త్రి బెల్టు ఊడదీసి, తిరగేసి, ఒక పక్క అంచు పీచులు లేచి ఉండటం చూశాడు. కొత్త బెల్టు అడగలేదు. పుల్లీలు ఒక్కొక్కటే వేలితో తిప్పుతూ పోయాడు. ఐడ్లర్ పుల్లీ దగ్గర ఆగి, నా వేలు పట్టుకుని దాని మీద పెట్టాడు. లోపల ఇసుక నలిగినట్టు గరగర.

"బేరింగు పోయి పుల్లీ వాలింది. బెల్టు ఒరుసుకుపోతోంది" అని, పక్కనున్న కుర్రాడి వైపు తిరిగి, "ఎందుకు పోయిందో చూడకుండా బెల్టు మార్చడం కూడా ఒక పనేనంట్రా!" అన్నాడు. ఆ మాట నాకూ తగిలింది. రెండుసార్లు బిల్లు కట్టాను గానీ, ఆ ప్రశ్న నేనూ అడగలేదు.

2014లో అంబాసిడర్ తయారీ ఆగింది. దాంతోపాటే ఈ వేలి లెక్కకూ కాలం చెల్లిందనుకుంటే పొరపాటు. పాత నియోప్రీన్ బెల్టులు పగుళ్లిచ్చి ముందే కంటికి చెప్పేవి. ఇప్పటి ఈపీడీఎం రబ్బరు అంత తొందరగా పగలదు. పైకి బాగానే కనిపిస్తూ గాళ్లలో అరిగిపోతుంది. తడిమి చూసేవాడు, తిప్పి వినేవాడు ఇప్పుడే ఎక్కువ కావాలి. మనమేమో విప్పడం, బిగించడం వస్తే పని వచ్చినట్టే అనుకుంటున్నాం.

మేస్త్రి పుల్లీ ఖరీదు, బిగింపు కూలి మాత్రమే తీసుకున్నాడు. జబ్బు కనిపెట్టినందుకు ఏమీ అడగలేదు. అడగాల్సిందని నా అభిప్రాయం. ఇలాంటి మనిషిని ఐటీఐకి పిలిచి, జీతమిచ్చి, మంచి పుల్లీ ఒకటి, పాడైంది ఒకటి ముందు పెట్టి పిల్లల చేత తిప్పించాలి. ఆ గరగర ఏ పుస్తకంలోనూ వినపడదు. ఒకసారి వేలికి తెలిసిందంటే మాత్రం మరిచిపోవడం కష్టం. నా వేలికి ఇంకా గుర్తుంది.