సిద్ధపడిన గుడ్డ

చిన్ననాడు ఇష్టముతో చేసిన పని యేదైనను మీరు విడిచిపెట్టితిరా? నేను బొమ్మలు గీయుట విడిచితిని. 54వ యేట నా ప్రసంగములును ఎండిపోయెను. పాత నోటుపుస్తకమునే తిరిగి తిరిగి చదువుచుంటిని. దానిని మొదట కనిపెట్టినది నా భార్య.

ఆమె మాటమీద శ్రీకాళహస్తికి పోయి, కలంకారీ నేర్పు ఒక యింట పిల్లల నడుమ చాపమీద కూర్చుంటిని. కరక్కాయపొడి కలిపిన గేదెపాలలో నూలుగుడ్డను తడిపి ఆరబెట్టవలెను. చింతపుల్లల బొగ్గుతో బొమ్మ గీచి, ఇనుము, బెల్లము ఊరిన నీటిలో వెదురు కలము ముంచి దిద్దవలెను. నేను తొందరపడి, పాలు సరిగా పట్టని గుడ్డమీద గీచితిని. రంగు పాకిపోయెను.

“అయ్యగారూ, తప్పు కలముది కాదు, గుడ్డ సిద్ధము కాలేదు” అని గురువుగారు నవ్విరి.

ఆ మాట నా హృదయమునకు తగిలెను. మరునాడు సిద్ధపడిన గుడ్డమీద గీచితిని. గీత మొదట పలుచగా నుండి, చూచుచుండగానే నల్లబడెను. పిల్లవానివలె సంతోషించితిని. ఆ రాత్రి, చాలకాలమునకు, ఒక క్రొత్త ప్రసంగము వ్రాసితిని.

బెసలేలు చేతిపనితనము దేవుని వరమని నిర్గమకాండము 31లో ఎన్నిసార్లు చదువలేదు! మీ యింట మూలబడిన కలమో, కుంచెయో, డోలకో యున్నదా? నేర్చుకొనుటకు సిగ్గుపడక చేతికి తీసికొనుడి.