అరకు ఘాట్‌లో మూడు రంగుల పొగ

కారు సైలెన్సర్‌లోంచి వచ్చే పొగ నలుపు, తెలుపు, నీలం రంగుల్లో ఉంటుంది. ఒక్కో రంగు ఇంజన్‌లోని ఒక్కో లోపాన్ని పట్టిస్తుంది. విశాఖపట్నం నుంచి అరకు వెళ్లి వచ్చే దారిలో ఈ మూడూ కనిపించాయి, అదీ ఇదే వరుసలో.

శృంగవరపుకోట (ఎస్.కోట) దాకా దారి చదునే. ఆ తర్వాత ఘాట్ మొదలై టైడ మీదుగా అనంతగిరికి ఎక్కుతుంది. ఎక్కుడులో ముందు వెళ్తున్న పాత డీజిల్ జీపు, జనం కిక్కిరిసి ఉండగా, ప్రతి మలుపులోనూ నల్లగా పొగ కక్కింది. ఇంధనం కాలడానికి చాలినంత గాలి అందకపోతే మిగిలిన కార్బన్ మసిగా బయటపడుతుంది. ఎయిర్ ఫిల్టర్ పూడుకుపోవడం, ఇంజెక్టర్ ఎక్కువ డీజిల్ పోయడం, టర్బో గొట్టం చిట్లడం మామూలు కారణాలు. అరకు ఎత్తు సుమారు 900 మీటర్లు. అక్కడ గాలి పీడనం దాదాపు పదో వంతు తగ్గుతుంది కాబట్టి టర్బో లేని ఇంజన్‌కు ఇబ్బంది ఇంకాస్త ఎక్కువ. పెట్రోల్ కారు నల్ల పొగ వదిలితే ఆక్సిజన్ సెన్సర్‌నూ అనుమానించాలి. అప్పుడు పెట్రోల్ వాసన వస్తుంది, మైలేజీ పడిపోతుంది. పొగ తగ్గాలంటే ముందుగా చూడవలసింది చవకైన ఎయిర్ ఫిల్టరే.

దారి పక్కన కొండలను తొలుచుకుంటూ కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం సాగుతుంది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి 1960లలో వేసిన లైను ఇది. ఇప్పుడు నడిచేవి కరెంటు ఇంజన్లు కనుక ఆ వైపు పొగ బెడద లేదు. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అయినా అనంతగిరి బడ్డీలో ఇచ్చిన కప్పులో పాలు, పంచదార తప్ప కాఫీ రుచి తెలియలేదు. బొంగులో చికెన్ మాత్రం పేరు నిలబెట్టుకుంది. మర్నాడంతా బొర్రా గుహలతో, మ్యూజియంతో గడిచిపోయింది.

డిసెంబరు తెల్లవారుజామున లాడ్జి ముందు స్టార్ట్ చేసిన ప్రతి కారూ తెల్లగా పొగ వదిలింది. అది జబ్బు కాదు. ఒక లీటరు పెట్రోల్ కాలితే సుమారు లీటరు నీరు ఆవిరిగా తయారవుతుంది. చలికి ఆ ఆవిరి తెల్లగా కనిపించి, ఇంజన్ వేడెక్కగానే మాయమవుతుంది. మాయం కాకుండా దట్టంగా, తియ్యటి వాసనతో వస్తుంటే కూలెంట్ సిలిండర్‌లోకి దిగుతోందని అర్థం. సాధారణంగా హెడ్ గ్యాస్కెట్ పోయి ఉంటుంది. బయట ఎక్కడా కారకుండానే కూలెంట్ తగ్గడం, ఆయిల్ మూత కింద పాలకాఫీ రంగు జిగురు పేరుకోవడం దానికి తోడయ్యే గుర్తులు. డీజిల్ కారులో ఘాటైన పచ్చి డీజిల్ వాసనతో తెల్ల పొగ వస్తే గ్లో ప్లగ్గులో, ఇంజెక్టర్లో చూపించాలి.

నీలం పొగ మా పెట్రోల్ కారుదే. ఇంజన్ ఆయిల్ కాలితే ఆ రంగు వస్తుంది. ఘాట్ దిగేటప్పుడు రెండో గేరులో వదిలి, మలుపు దాటాక యాక్సిలరేటర్ తొక్కగానే వెనక నీలంగా ఒక్క గుప్పు, తర్వాత శుభ్రం. బయలుదేరక ముందే నగరంలోని ఒక గ్యారేజీ పిస్టన్ రింగులు పోయాయని, బోరు చేయించాలని తేల్చింది.

ఎస్.కోటలో రోడ్డు పక్క రేకుల షెడ్డులోని పెద్దాయన ఇంజన్ మీద చెయ్యి వెయ్యక ముందు అడిగిన ప్రశ్న ఒక్కటే: "పొగ ఎప్పుడొస్తంది బాబూ, ఎక్కినప్పుడా, దిగినాకా?" అసలు పరీక్ష అదే. లోడు మీద పొగ ఎడతెగకుండా వస్తే రింగులు అరిగినట్టు. దిగుడు తర్వాతో, పొద్దున్న స్టార్ట్ చేసినప్పుడో ఒక్క గుప్పు వచ్చి ఆగితే వాల్వ్ సీల్స్ గట్టిపడినట్టు. యాక్సిలరేటర్ వదిలినప్పుడు థ్రాటిల్ మూసుకుని లోపల వాక్యూమ్ పెరుగుతుంది. అది వాల్వ్ కాడ వెంట ఆయిల్‌ను కిందికి లాగుతుంది. మళ్లీ తొక్కగానే ఆ ఆయిల్ కాలుతుంది.

తర్వాత ఆయన డిప్‌స్టిక్ తీశాడు. మట్టం తక్కువ, ఆయిల్ నల్లగా ఉంది కానీ పాలరంగు లేదు. నడుస్తున్న ఇంజన్ మీద ఆయిల్ మూత విప్పితే లోపలి నుంచి గాలి ఎగదన్నలేదు. ప్లగ్గులు విప్పి గేజీ పెట్టి చూస్తే నాలుగు సిలిండర్లలోనూ కంప్రెషన్ ఇంచుమించు సమానం. ఎక్కడైనా తక్కువ చూపితే చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూడాలి. కొలత పెరిగితే లోపం రింగులది, పెరగకపోతే వాల్వులదో గ్యాస్కెట్‌దో. ఇక్కడ ఆ అవసరం రాలేదు. "బోరు బాగుంది బాబూ, సీల్స్ మార్పిస్తే చాలు" అన్నాడు. ఆయిల్ పోసిన డబ్బులు తప్ప ఏమీ తీసుకోలేదు. విశాఖలో సీల్స్ మార్పించాక నీలం పొగ ఆగిపోయింది.

నీలం పొగ బండిని, ఆయిల్ మట్టం చూసుకుంటూ, ఇంటి దాకా నడుపుకోవచ్చు. అలాగే నెలల తరబడి వదిలేస్తే కెటాలిటిక్ కన్వర్టర్ పాడవుతుంది. నల్ల పొగకు వారం గడువు ఇవ్వవచ్చు. తియ్యటి వాసన వేసే తెల్ల పొగకు గడువు లేదు. బండి అక్కడే ఆపి, ఇంజన్ చల్లారేదాకా రేడియేటర్ మూత ముట్టుకోకుండా, లాగించుకుని వెళ్లాలి.