ఐదో తరగతి అమ్మలం

మా పాప చదివేది కర్నూల్లో సిస్టర్ల బడి. అక్కడ ఐదే ఆఖరు. జూన్‌లో బడి తెరిచిన వారమే మమ్మల్నందర్నీ పిలిచారు. ప్రార్థన అయ్యాక పెద్ద సిస్టర్, "పిల్లలకే కాదమ్మా, మీక్కూడా ఇక్కడ ఇదే చివరేడు. వస్తూ పోతూ ఉండండి" అన్నారు. నవ్వేశాం.

ఆ తర్వాత మాటలన్నీ నవోదయ పరీక్ష మీదే. రెండు గంటల్లో 80 ప్రశ్నలు. ఆరో తరగతికి తీసుకునేది 80 మందినే, అందులోనూ కనీసం 75 శాతం పల్లె బడుల వాళ్లకే. సీటొస్తే బనవాసిలో హాస్టలు. ఫీజు లేదు, చదువు బాగుంటుంది. మా ఆయనకు ఇంకేం కావాల! నాకు మాత్రం ఆ 75 శాతం లెక్క వినగానే లోలోపల హమ్మయ్య అనిపించింది. బయటికి చెప్పుకునే మాట కాదు గానీ, రాత్రి దుప్పటి తన్నేసే పిల్లకు అక్కడ కప్పేదెవరు?

సిగ్గు విడిచి సిస్టర్‌నే అడిగా. "నేను కాన్వెంటుకు వచ్చేటప్పుడు మా అమ్మా ఇదే అడిగిందమ్మా" అన్నారు.

ఇంటికొస్తే గడపలోనే పాప: "అమ్మా, ఫారానికి ఫోటో దిగాలంట, ఏ గౌను వేసుకోవాల?"

పచ్చ గౌను ఇస్త్రీ చేసి నాలుగు రోజులైంది. స్టూడియోకి ఇంకా తీసుకుపోలేదు.