రంగు లెఱుగని కన్ను

మా కన్నులకు ఎఱుపును ఆకుపచ్చయు వేఱుగా తోచవు. మిరపచేనిలో పండిన కాయ యేదో పచ్చికాయ యేదో చూచి చెప్పజాలము. అంతమాత్రమున ఏరజాలమని కాదు. పండుమిరప వ్రేళ్ళనడుమ మెత్తగా లొంగును. తుంచినచో ఘాటుతో కొంచెము తీపివాసన కలసి వచ్చును. పచ్చిది పెళుక్కున విఱుగును. ఎఱుపనగా మాకు ఆ ఘాటు. ఆకుపచ్చ యనగా నలిపిన కరివేపాకు. గోరింటాకు పండిన చేతులను చెల్లెండ్రు చూపినపుడు, చాయ యెంత చిక్కనో చెప్పగలము గాని అది ఎఱుపని వారనగా వినుటయే.

దీనిని వర్ణాంధత యందురు. ఆ మాట మాకు రుచింపదు. పసుపును నీలమును చక్కగా తెలియుచుండగా అంధత యెక్కడిది?

రసాయన శాస్త్రజ్ఞుడు జాన్ డాల్టను 1794లో మాంచెస్టరు పండితసభయందు తన చూపును గూర్చియే వ్యాసము చదివెను. కంటిలోని ద్రవము నీలముగా నుండుటయే కారణమని అతని యూహ. 1844లో అతడు మరణించిన పిదప కన్ను కోసి చూడగా ద్రవము తేటగానే యుండెను. దాచియుంచిన ఆ కంటి ముక్కలను 1995లో పరీక్షించి, ఆకుపచ్చకాంతిని గ్రహించు వర్ణద్రవ్యము లోపించెనని తేల్చిరి.

ఈ లోపము ఎక్స్ క్రోమోజోముతో వచ్చును. స్త్రీకి అట్టివి రెండు. ఒకటి చెడినను రెండవది ఆదుకొనును. పురుషునకు ఒకటియే, అదియు తల్లినుండి వచ్చినదే. తాతగారి చూపు కుమార్తె ద్వారా మనుమనికి సంక్రమించుట ఇట్లే. మన ముసలమ్మలు మేనమామ పోలిక యనుట ఈ విషయమున అక్షరాల నిజము. మేనకోడలిని మేనమామ కిచ్చు ఇండ్లలో ఆడుబిడ్డలకు గూడ ఇది రావచ్చును. కాని మా అక్క అత్తవారు దీనిని "పుట్టింటి జబ్బు" అని దెప్పుట అన్యాయము. ఏ తల్లియు దీనిని ఎంచి యీయలేదు.

పాఠశాలలో మేము మాను ఆకుపచ్చగను ఆకులు గోధుమవన్నెగను దిద్దినందుకు ఉపాధ్యాయు డొకరు బెత్తమెత్తిరి. ఆ సాయంకాలము అక్క చాకుతో ఎఱ్ఱ పెన్సిలుకు ఒక గాటు, ఆకుపచ్చదానికి రెండు గాట్లు పెట్టి యిచ్చెను. బెత్తము నేర్పని రంగును వ్రేళ్ళు నేర్చినవి.

ఏ రంగును చూడకయే పుట్టిన నీల్ హార్బిసన్ 2004లో తలపుఱ్ఱెకు ఆంటెన్నా అమర్పించుకొని రంగులను స్వరములుగా వినుచున్నాడు. ఎఱుపు మంద్రము, ఊదా తారము. అట్టి సాధనము అందఱికి దొరకదు. గాటు ఎవరైనను పెట్టవచ్చును.

రైలుబండి నడపుటకు మావంటివారు తగరనుట మేమును ఒప్పుదుము. చీకటిలో ఒంటి దీపమును గుర్తించుట అచట ప్రాణములతో కూడిన పని. ఆ భయమునే ప్రతి ద్వారమునకు గొళ్ళెముగా పెట్టుట తగదు. పుణెలోని చలనచిత్ర విద్యాసంస్థ ఎడిటింగు తరగతిలో చేర్చుకొనని యొక యభ్యర్థి వ్యాజ్యమున, వర్ణాంధులను ఏ కోర్సునుండియు వెలివేయరాదని సుప్రీంకోర్టు 2022లో తీర్పు చెప్పినది.

మా మేనల్లునికి ఐదేండ్లు. జపానువైద్యుడు ఇషిహారా 1917లో వెలువరించిన చుక్కల పటములలోని అంకెలు వానికి కనబడలేదు. బడి తెఱచుటకు ముందే వాని ఉపాధ్యాయురాలికి జాబు వ్రాసితిమి: ఆకుపచ్చ బల్లపై ఎఱ్ఱసుద్దతో వ్రాయవలదని.