కాళ్లమీది నీలి గీతలు



గృహదర్శనమునకు వెళ్లినప్పుడు తల్లులు పిల్లల చదువుల కొరకు, అప్పులు తీరుట కొరకు ప్రార్థన కోరతారు గాని తమ కాళ్ల సంగతి మాతో చెప్పరు. మేము చెప్పులు తొడుగుకొనేటప్పుడు గడప దగ్గర మా ఇంటావిడతో మెల్లగా అంటారు: "అమ్మగారూ, మోకాలి వెనుక నీలంగా సాలెగూడులాగ లేచింది. పెద్ద జబ్బేమో?" చాలా ఊళ్లలో ఈ మాట విన్నాము. డాక్టర్లను అడిగి తెలుసుకొన్నంత వరకు వ్రాస్తున్నాము.

దారపు పోగుల వలె సన్నగా, ఒక మిల్లీమీటరు మందము కూడ లేక, ఎర్రగానో నీలంగానో చర్మముపైన అల్లుకొన్న గీతలు సాధారణముగా హాని చేయవు. సాలెపురుగు కాళ్ల వలె పరచుకొంటాయి గనుక డాక్టర్లు వీటిని స్పైడర్ వెయిన్స్ అంటారు. మనము "నరాలు" అంటాము. నిజానికి ఇది నరము కాదు, రక్తమును గుండెకు తిరిగి చేర్చే సిర. రెంటికీ ఒక్క మాటే వాడుట వలన, నరాల బలహీనత అనుకొని మందుల షాపులో బలము మాత్రలు కొనుక్కొనేవారున్నారు. ఆ మాత్రలతో సిర బాగుపడదు.

పాదములోని రక్తము నిలువుగా పైకి ఎక్కవలెను. నడిచేటప్పుడు పిక్క కండ దానిని పిండి పైకి పంపుతుంది. మరల జారకుండ సిరలలో చిన్న తలుపులున్నాయి. బావిమీద మోటారున్న రైతుకు ఫుట్‌వాల్వు సంగతి వేరే చెప్పనక్కరలేదు. అది పాడైతే పైపులోని నీళ్లు తిరిగి బావిలోకే పోతాయి. కాలిలోనూ అంతే. తలుపులు సరిగా మూసుకొనకపోతే రక్తము జారి నిలిచి, సిర ఉబ్బి మెలికలు తిరుగుతుంది. 3 మిల్లీమీటర్లకు మించి త్రాడువలె ఉబ్బినవాటిని వేరికోస్ వెయిన్స్ అంటారు. తల్లిదండ్రులకుంటే పిల్లలకు వచ్చే అవకాశము హెచ్చు. కాన్పులు, వయస్సు, ఒళ్లు రావటము, గంటల తరబడి నిలబడే పని కూడ కారణములే. హోటలు పొయ్యి దగ్గర వంటవారు, బస్సు కండక్టర్లు, ఉపాధ్యాయులు, ఆ వరుసలోనే రెండు గంటల ప్రసంగము చేసే మా బోటి సంఘకాపరులు!

మా సంఘములో ఒక పెద్దామెకు చీలమండ లోపలివైపు చర్మము నల్లబడి, దురదపెట్టి, చివరకు రూపాయి బిళ్లంత పుండు పడింది. పసరు కట్టు కట్టారు. ఇరుగుపొరుగువారు బోదకాలన్నారు. కోస్తాలో వాచిన ప్రతి కాలినీ బోదకాలే అనుకొంటారు గాని, అది దోమల వలన వచ్చే ఫైలేరియా, ఇది వేరు. ఆసుపత్రికి రమ్మంటే ఆమె 2 దినవృత్తాంతములు 16వ అధ్యాయము ఎత్తుకొన్నది. "ఆసా రాజు కాళ్ల జబ్బుకు వైద్యులనే నమ్ముకొన్నాడని మీరే గదా అయ్యగారూ వాక్యము చెప్పారు. నన్నూ అట్లాగే చేయమంటారా?"

"చెప్పామమ్మా. ఆసా దేవుణ్ణి అడగనే లేదు, అదీ తప్పు. హిజ్కియా ఏడ్చి ప్రార్థన చేశాడు, దేవుడు విన్నాడు. అయినా యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండుమీద వేయించాడు గదా. మీదీ పుండే."

ఆమె కొంతసేపు మాట్లాడలేదు. తరువాత "ఏ బస్సుకి పోదాం?" అన్నది.

డాప్లర్ స్కానింగులో సిర తలుపులు పని చేయటము లేదని తేలింది. కాలికి బిగువుగా కట్టు కట్టి, ఎత్తుమీద పెట్టుకొమ్మన్నారు. పుండు మానటానికి 4 నెలలు పట్టింది. తరువాత ఆ సిరను లేజరుతో మూశారు. ఆ 4 నెలలు కోడలి కూలిమీదనే ఇల్లు గడిచింది. చర్మము నల్లబడినప్పుడే వచ్చి ఉంటే ఇంతదాకా రాకపోయేదని డాక్టరుగారు అన్నారు.

సాయంత్రానికి కాలు బరువెక్కి వాచటము, పిక్కలు పీకటము, చీలమండ దగ్గర చర్మము నల్లబడి గట్టిపడటము, పుండు మానకపోవటము, వీటిలో ఏది ఉన్నా సర్జను దగ్గరకు వెళ్లండి. ఒక్క కాలు మాత్రమే ఉన్నట్టుండి వాచి, వేడెక్కి, పిక్క నొప్పిపెడితే ఆ దినమే వెళ్లవలెను. లోపలి సిరలో రక్తము గడ్డకట్టి ఉండవచ్చును. గర్భిణులు, బాలింతలు, ఆపరేషనై మంచముమీద ఉన్నవారు మరింత జాగ్రత్త పడాలి. దానికి ఆయాసమో ఛాతినొప్పో తోడైతే తెల్లవారేదాకా ఆగరాదు, 108కి ఫోను చేయండి.

ఇంటివద్ద నడక మంచిది. పడుకొన్నప్పుడు కాళ్లక్రింద దిండ్లు పెట్టి గుండెకంటె ఎత్తుగా ఉంచుకోండి. బిగువు మేజోళ్లు మాత్రము డాక్టరును అడగకుండ కొనవద్దు. కాలికి రక్తము సరిగా అందనివారికి అవి కీడు చేస్తాయి. చక్కెర జబ్బువారిలో ఈ లోపము తరచుగా ఉంటుంది. సన్న గీతలను పోగొట్టటానికి ఇంజక్షను వైద్యమున్నది, గర్భిణులకు చేయరు. చేయించినా క్రొత్తవి రావచ్చును. సంబంధము కుదరదేమోనని అప్పు తెచ్చి పెళ్లి కావలసిన పిల్లకు ఇది చేయించిన ఇంటిని ఎరుగుదుము. మా మట్టుకు మాకు ఆ అప్పు అనవసరమనిపించింది.

ఒక సంగతి ఇంటిల్లిపాదీ తెలుసుకొనవలెను. ఉబ్బిన సిర గీసుకొని చిట్లితే రక్తము ధారగా పోతుంది. వెంటనే మనిషిని పడుకోబెట్టి, కాలు పైకెత్తి, శుభ్రమైన గుడ్డతో చిట్లినచోటనే 10, 15 నిమిషములు విడువకుండ గట్టిగా అదమండి. కుర్చీలో కూర్చోబెట్టి కాలు వ్రేలాడనీయకూడదు. పైన త్రాడు బిగించకూడదు, కాఫీపొడి, పసుపు అద్దకూడదు. రక్తము ఆగకపోతే కాలు ఎత్తి ఉంచే 108లో తీసుకుపోండి. ఆగినా సరే, డాక్టరుకు చూపించండి.