డాక్టరమ్మ అడిగిన ప్రశ్న

2022 ఏప్రిల్‌లో పోలీసు నోటిఫికేషన్ పడింది. పదిహేను వేలకు పైగా కానిస్టేబుల్ కొలువులు. ఆడపిల్లలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో ఉరకాలి. రఘునాథపల్లిలో శిక్షణ మొదటిరోజు నాకు ఆరు నిమిషాలు దాటింది.

వారానికి మూడు రోజులు ఉరికేదాన్ని. ఆగస్టు 28న ప్రిలిమ్స్ రాశాక రోజూ రెండు పూటలా మొదలుపెట్టాను. తెల్లవారుజామున వరంగల్ రోడ్డు పక్కన నేను ఉరుకుతుంటే బాపు వెనకాలే బండి లైటు వేసుకుని వచ్చేవాడు. బరువు తగ్గితే టైమింగ్ తగ్గుతుందని ఎవరో అంటే రాత్రి అన్నం మానేశాను. టైమింగ్ నిజంగానే తగ్గింది. అదే నన్ను ముంచింది.

అక్టోబరులో ఎడమ కాలికి, చీలమండకు జానెడు పైన, లోపలివైపు ఎముక నొప్పి మొదలైంది. తొలుత ఒక రౌండు కొట్టేసరికి వదిలేది. తర్వాత పరుగంతా ఉండేది. దీపావళి నాటికి పడుకున్నా సలిపేది. వేలితో నొక్కితే రూపాయి బిళ్లంత చోట ప్రాణం పోయేది. బామ్ రాసి, గుడ్డ చుట్టి, పైన ప్యాంటు వేసుకునేదాన్ని. అప్పు చేసి బూట్లు కొన్న బాపుకు ఏమని చెప్పను? నొప్పి ఉంటేనే కష్టపడుతున్నట్టని శిక్షణలో అనేవారు. నేనూ నమ్మాను.

నవంబరులో ఒక పొద్దున కాలు నేల మీద ఆననేలేదు. వరంగల్ తీసుకెళ్లారు. ఎక్స్‌రేలో ఏమీ కనిపించలేదు. ఇలాంటి పగులు మొదట్లో ఎక్స్‌రేకు దొరకకపోవచ్చని డాక్టరమ్మ ఎంఆర్ఐ తీయించింది. ఎముకలో సన్నని చీలిక. ఆమె కాలు వదిలి నా ముఖం చూసింది.

"నెలసరి వస్తోందా?"

మూడు నెలలుగా రాలేదు. పరుగుకు అడ్డం లేదని లోలోపల సంబరపడ్డాను కూడా. అమ్మకు చెప్పలేదు. పెళ్లికాని పిల్లకు ముట్టు ఆగిందంటే ఊరు ఏమంటుందో తెలుసు.

పరుగుకు సరిపడా తినకపోతే ఒళ్లు నెలసరిని ఆపేస్తుందని, దాంతో ఎముకకు కాపలా కాసే ఈస్ట్రోజన్ పడిపోతుందని ఆమె చెప్పింది. ఉరికిన ప్రతిసారీ ఎముకకు చిన్న చిన్న దెబ్బలు తగులుతాయి. ఒళ్లు ముందు చెడిన భాగాన్ని తోడేస్తుంది, తర్వాతే కొత్త ఎముక పోస్తుంది. పొయ్యడానికి వారాలు కావాలి, తిండి కావాలి. నేను రెండూ ఇవ్వలేదు.

తిరుగు దారిలో అమ్మ ఒక్కటే అంది: "నాకు చెప్పద్దా బిడ్డా."

డిసెంబరులో తోటి పిల్లలు ఈవెంట్స్‌కు, అంటే ఆ పరుగు పరీక్షకు, వెళ్లారు. నేను కర్ర పట్టుకుని వాకిట్లో కూర్చున్నాను. ఆ రోజుల గురించి ఇంకేం రాయలేను.

అమ్మ రాత్రి అన్నం దగ్గరుండి తినిపించింది. గుడ్లు, పాలు, పల్లీలు. నడిచేటప్పుడు వచ్చే నొప్పి పూర్తిగా పోయాకే, జనవరి చివర్లో, రోజు విడిచి రోజు ఒక నిమిషం ఉరికి రెండు నిమిషాలు నడిచాను. ఫిబ్రవరిలో నెలసరి వచ్చింది. అమ్మా నేనూ ఇద్దరం ఏడ్చాం.

ఇప్పుడు చెరువుకట్ట మట్టి మీద మా చిన్నమ్మ బిడ్డ ఉరుకుతోంది. రౌండు అయ్యాక టైమింగ్ చెప్పకముందే తన కాలి ఎముక నొక్కి చూస్తాను, నెలసరి ఎప్పుడొచ్చిందో అడుగుతాను. మొదట్లో సిగ్గుపడి తల దించుకునేది. ఈమధ్య అడగకుండానే తారీఖు చెబుతోంది.